మాటల మెట్లు

ఇంగ్లండు వాయవ్య భాగంలో చెషైర్ అనే మండలం ఉంది. ఆ మండలంలోని డేర్స్‌బరీ అనే చిన్న పల్లెలో 1832వ సంవత్సరం జనవరి 27వ తేదీన చార్లెస్ లట్విడ్జ్ డాడ్జ్‌సన్ జన్మించాడు. తండ్రి ఆ ఊరి చర్చిలో మతాచార్యుడు. పదకొండుమంది సంతానంలో చార్లెస్ మూడవవాడు, మగపిల్లలలో పెద్దవాడు. ఈ పేరు చెబితే ఆయన ఎవరో చాలామందికి తెలియదు. లూయిస్ కరోల్ అంటే మాత్రం లోకమంతటికీ తెలుసు. కుందేలు వెంటపడి దాని బొరియలోకి జారిపోయిన ఆలిస్ అనే బాలిక కథ రాసినవాడు ఆయనే. అదే మనిషి ఇంగ్లీషు మాటలను అక్షరం అక్షరంగా విడదీసి చూసి, ఇన్ని అక్షరాల మాట కావాలి, అందులో ఫలానా అక్షరాలు ఉండాలి అని నియమం పెట్టి వెదికించే ఆటలు ఎన్నో కల్పించాడు. ఆ సంగతి తెలిసినవారు తక్కువ.

డేర్స్‌బరీలో వారి ఇల్లు ఊరికి దూరంగా పొలాల మధ్య ఉండేది. ఆడుకోవటానికి ఇరుగుపొరుగు పిల్లలు లేరు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళే ఒకరికొకరు తోడు. 1843లో తండ్రి యార్క్‌షైర్‌లోని క్రాఫ్ట్ అనే ఊరి చర్చికి మారాడు. అక్కడ పెద్ద ఇల్లు, విశాలమైన తోట ఉన్నాయి. తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ పొద్దు గడిపించే పని చార్లెస్ తన మీద వేసుకున్నాడు. తోపుడుబండి, పీపా వంటి వస్తువులతో తోటలో ఒక రైలుబండి తయారు చేశాడు. దారిపొడుగునా స్టేషన్లు పెట్టాడు. అంతటితో ఊరుకోక, ఆ రైలులో ప్రయాణం చేసేవారు పాటించవలసిన నియమాలు కూడా రాసిపెట్టాడు. నియమం లేని ఆటకు రుచి ఉండదని ఆ బాలుడికి అప్పుడే తెలిసినట్లుంది. ఇంటిల్లిపాదీ చదువుకోవటానికి చేతిరాత పత్రికలు కూడా నడిపాడు. పద్యాలు, బొమ్మలు, వింత కథలు చాలావరకు తానే సమకూర్చేవాడు. ఆ పత్రికలలో చివరిదాని పేరు మిష్‌మాష్. కలగాపులగం అని దాని అర్థం. ఈ పేరు మళ్ళీ ఒకచోట వస్తుంది.

చార్లెస్‌కు చిన్ననాటినుంచీ నత్తి ఉండేది. చెప్పదలచిన మాట తెలిసికూడా అది నోట్లోనే ఆగిపోయేది. ఆ ఇంటి పిల్లలలో మరికొందరికి కూడా ఈ లోపం ఉంది. దానికితోడు ఆయనకు కుడిచెవి సరిగా వినిపించేది కాదు. 1846లో రగ్బీ అనే ఊరిలోని ప్రసిద్ధ పాఠశాలకు పంపారు. చదువులో, ముఖ్యంగా లెక్కలలో, ఉపాధ్యాయుల మెప్పు పొందాడు. కాని తోటి విద్యార్థుల ఆగడాలవల్ల ఆ రోజులు సుఖంగా గడవలేదు. ప్రపంచంలో ఏమిచ్చినా ఆ మూడు సంవత్సరాలు తిరిగి గడపటానికి ఒప్పుకోనని పెద్దవాడయ్యాక రాసుకున్నాడు.

1851 జనవరిలో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని క్రైస్ట్ చర్చ్ కళాశాలలో అడుగుపెట్టాడు. రెండు రోజులు తిరగకుండానే తల్లి మరణించిందన్న వార్త వచ్చింది. పంతొమ్మిది సంవత్సరాలు నిండని ఆ యువకుడు ఇంటికి వెళ్ళి, తిరిగి వచ్చి చదువు కొనసాగించాడు. 1854లో గణితంలో ప్రథమ శ్రేణి సంపాదించాడు. మరుసటి సంవత్సరమే అదే కళాశాలలో గణితోపాధ్యాయుడయ్యాడు. 1881 వరకు ఆ ఉద్యోగం చేశాడు. ఉద్యోగం మానిన తరువాత కూడా కళాశాలలోని తన గదులు విడవలేదు. పాఠం చెప్పటంలో ఆయనకు పెద్ద పేరు రాలేదనే చెప్పాలి. వినేవారికి లెక్కలపై ఆసక్తి తక్కువ, చెప్పేవాడికి నత్తి. 1861లో చర్చిలో డీకన్ అనే తొలి పదవి స్వీకరించాడు కాని, తండ్రిలాగా పూర్తి మతాచార్యుడు కాలేదు. అందుకు నత్తి కూడా ఒక కారణమని చెబుతారు. చర్చిలో పదిమంది ఎదుట నిలబడి గ్రంథపఠనం చేయవలసి వస్తే, ఏ మాట దగ్గర నాలుక మొరాయిస్తుందోనని ఆయనకు బెంగగా ఉండేది. నోటికి లొంగని మాటలు కాగితం మీద మాత్రం చెప్పినట్లు విన్నాయి.

ఆయన కలంపేరు పుట్టిన విధం చూడండి. 1856లో ది ట్రైన్ అనే పత్రికకు పద్యం పంపినప్పుడు, కలంపేరు ఒకటి కావాలని సంపాదకుడు ఎడ్మండ్ యేట్స్ కోరాడు. డాడ్జ్‌సన్ నాలుగు పేర్లు రాసి పంపాడు. చార్లెస్ లట్విడ్జ్ అన్న రెండు మాటలలో ఇంగ్లీషున పదిహేను అక్షరాలున్నాయి. ఆ పదిహేను అక్షరాలనే, ఒక్కటి కూడా పెంచకుండా, ఒక్కటి కూడా తగ్గించకుండా, అటూ ఇటూ మార్చి ఎడ్గర్ కత్‌వెల్లిస్ అనే పేరు చేశాడు. అవే అక్షరాలతో ఎడ్గర్ యు. సి. వెస్ట్‌హిల్ అనే మరొక పేరు కూడా చేశాడు. తక్కిన రెండు పేర్లకు వేరొక ఉపాయం పన్నాడు. చార్లెస్‌కు లాటిను రూపం కరోలస్. లట్విడ్జ్‌కు సమానమైన లాటిను పేరు లుడోవికస్. వీటిని ముందు వెనుకలు చేసి, తిరిగి ఇంగ్లీషులోకి తెస్తే లూయిస్ కరోల్ అయింది. సంపాదకుడు దానినే ఎన్నుకున్నాడు.

ఆలిస్ కథ గురించి ఇక్కడ క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. 1862 జూలై 4వ తేదీన కళాశాల అధిపతి అయిన లిడ్డెల్ గారి ముగ్గురు కుమార్తెలను డాడ్జ్‌సన్, ఆయన మిత్రుడు డక్‌వర్త్ కలిసి పడవ షికారుకు తీసుకువెళ్ళారు. పిల్లలు కథ చెప్పమన్నారు. డాడ్జ్‌సన్ అప్పటికప్పుడు అల్లి చెప్పాడు. నడిమి పిల్ల ఆలిస్ ఆ కథను రాసి ఇమ్మని కోరింది. ఆయన స్వయంగా బొమ్మలు వేసి, చక్కని చేతిరాతతో నింపిన పుస్తకాన్ని 1864లో ఆమెకు బహూకరించాడు. 1865లో అది పెంచి అచ్చువేసినప్పుడు, బొమ్మలు సరిగా పడలేదని చిత్రకారుడు జాన్ టెన్నియల్ అసంతృప్తి తెలిపాడు. వెంటనే ఆ రెండువేల ప్రతులనూ అమ్మకం నుంచి ఉపసంహరించి, మళ్ళీ అచ్చు వేయించారు. ఆ నష్టం డాడ్జ్‌సన్ మీదనే పడింది. పని లోపంగా ఉంటే సహించే స్వభావం ఆయనకు లేదు.

1871లో వెలువడిన రెండవ ఆలిస్ పుస్తకం చివర ఒక పద్యం ఉంది. దానిలో ఇరవైఒక్క పాదాలున్నాయి. ప్రతి పాదంలోని మొదటి అక్షరాన్నీ పైనుంచి కిందికి చదివితే ఆలిస్ ప్లెజన్స్ లిడ్డెల్ అని ఆ బాలిక పూర్తి పేరు వస్తుంది. ఆ పేరులో సరిగ్గా ఇరవైఒక్క ఇంగ్లీషు అక్షరాలే ఉన్నాయి. ఇటువంటి పని మన అవధానాలలో న్యస్తాక్షరిని పోలి ఉంటుంది. పృచ్ఛకుడు ఫలానా పాదంలో ఇన్నవ అక్షరం ఇది ఉండాలి అంటాడు. అవధాని అక్షరాన్ని అక్కడే నిలిపి, అర్థం చెడకుండా పద్యం పూర్తి చేస్తాడు. అదే పుస్తకంలో రెండు మాటలను ఒకదానిలోకి మడిచిపెట్టి కొత్త మాటలు చేసే పద్ధతి కూడా చూపాడు. ఆయన కల్పించిన చార్టిల్ అనే మాట, అంటే ఉబ్బితబ్బిబ్బై కిసుక్కున నవ్వటం, ఇప్పుడు ఇంగ్లీషు నిఘంటువులలో ఉంది. రోగుల సేవకు అంకితమైన ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరులోని పంతొమ్మిది అక్షరాలనూ కలిపి పేర్చి, ధైర్యం చెప్పే దేవదూతా, సాగిపో అనే అర్థం వచ్చే వాక్యం కూడా ఆయన తయారు చేశాడు.

1877 క్రిస్మస్ సెలవులలో ఇద్దరు బాలికలు ఆయన దగ్గరకు వచ్చి, తమకు ఏమీ తోచటం లేదని మొరపెట్టుకున్నారు. వారు జూలియా, ఎథెల్ ఆర్నల్డ్ అనే అక్కచెల్లెళ్ళు. వారికోసం డాడ్జ్‌సన్ ఒక కొత్త ఆట కల్పించాడు. దానికి మొదట మాటల లంకెలు అనే అర్థంలో వర్డ్ లింక్స్ అని, తరువాత డబ్లెట్స్ అని పేరు పెట్టాడు. నియమాలు చాలా చిన్నవి. సమానమైన అక్షరాలు గల రెండు మాటలు ఇస్తారు. మొదటి మాటలో ఒక్క అక్షరం తీసి, ఆ చోటనే మరొక అక్షరం పెట్టాలి. మిగిలిన అక్షరాలు కదలకూడదు. వచ్చినది నిజమైన మాట కావాలి. ఇలా ఒక్కొక్క మెట్టే ఎక్కి రెండవ మాటను చేరాలి. ఎన్ని తక్కువ మెట్లతో చేరితే అంత గొప్ప.

ఆయన ఇచ్చిన ఉదాహరణలలో ప్రసిద్ధమైనది తలను తోకగా మార్చటం. హెడ్ అంటే తల. ఇంగ్లీషులో హెచ్, ఇ, ఎ, డి అని నాలుగు అక్షరాలు. చివరి డి బదులు ఎల్ పెడితే హీల్, అంటే గాయం మానటం. మొదటి హెచ్ బదులు టి పెడితే టీల్, అంటే ఒక జాతి నీటిబాతు. మూడవదైన ఎ బదులు ఎల్ పెడితే టెల్, అంటే చెప్పు. రెండవదైన ఇ బదులు ఎ పెడితే టాల్, అంటే పొడవైన. మూడవదైన ఎల్ బదులు ఐ పెడితే టెయిల్, అంటే తోక. అయిదు మార్పులలో తల తోక అయింది.

ఇది చూడటానికి సులువుగా ఉన్నా, లెక్కవేస్తే ఆట లోతు తెలుస్తుంది. ఇంగ్లీషులో ఇరవైఆరు అక్షరాలు. నాలుగక్షరాల మాటలో ఏ ఒక్క అక్షరాన్నయినా మిగిలిన ఇరవైఅయిదింటిలో దేనితోనైనా మార్చవచ్చు. అంటే ప్రతి మెట్టు దగ్గరా వంద దారులు. వాటిలో నూటికి తొంబై పైగా అర్థంలేని అక్షరాల గుంపులే కావచ్చు. ఇరవైఆరు అక్షరాలనూ నాలుగు చోట్ల పేర్చే విధాలు మొత్తం 4,56,976. వాటిలో మాటలనిపించుకునేవి ఏ కొద్దివేలో. డాడ్జ్‌సన్ గణితశాస్త్రజ్ఞుడు కాబట్టి ఈ చిక్కు ఆయనకు బాగా తెలుసు. మాట పొడవు పెరిగినకొద్దీ పొరుగు మాటలు తగ్గిపోతాయి. అందుకే మూడు, నాలుగు అక్షరాల మాటలతో పిల్లలు కూడా ఆడగలరు. ఆరు, ఏడు అక్షరాలు వస్తే పెద్దలకు కూడా చెమట పడుతుంది.

అచ్చుల చోటు మార్చటం ఇందులో మరీ కష్టం. పందిని దొడ్డిలోకి తోలమని ఆయన ఒక సమస్య ఇచ్చాడు. పంది అంటే పిగ్: పి, ఐ, జి. పందుల దొడ్డి అంటే స్టై: ఎస్, టి, వై. పిగ్‌లో అచ్చు నడుమ ఉంది. స్టైలో అచ్చు పని చేసే వై చివర ఉంది. నడిమి అచ్చును తీసివేసి హల్లు పెడితే మాట నిలవదు. కాబట్టి ముందు చివర వై తెచ్చుకుని, తరువాత నడిమి అచ్చును వదిలించుకోవాలి. పిగ్ నుంచి విగ్, విగ్ నుంచి వ్యాగ్, వ్యాగ్ నుంచి వే. డబ్ల్యు, ఎ, వై అనే ఈ వే దగ్గర నడుమ ఎ, చివర వై రెండూ ఉన్నాయి. అసలు వంతెన అదే. వే నుంచి సే, సే నుంచి స్టై. పంది దొడ్డిలోకి చేరింది.

మన భాషలో అక్షరం అంటే హల్లూ అచ్చూ కలిసిన ముద్ద. అందువల్ల మనకు మెట్లు మరోవిధంగా పడతాయి. పలకలో నడిమి అక్షరం మారిస్తే పడక, మొదటిది మారిస్తే నడక, చివరిది మారిస్తే నడత. మూడు మెట్లలో పలక నుంచి నడత వరకు వెళ్ళవచ్చు. ఇంగ్లీషులో హల్లు వేరు, అచ్చు వేరు కనుక ఒక్క అక్షరం మారినా పలుకు మొత్తం మారిపోతుంది.

1879 మార్చి 29వ తేదీన వానిటీ ఫెయిర్ అనే లండను వారపత్రిక ఈ ఆటను ప్రకటించింది. పాఠకులు ఉత్సాహంగా అందుకున్నారు. అదే సంవత్సరం మాక్‌మిలన్ సంస్థ దానిని చిన్న పుస్తకంగా ప్రచురించింది. ఆట కోరిన ఇద్దరు బాలికలకే ఆ పుస్తకాన్ని అంకితం చేశారు. వారిలో జూలియా తరువాత జూలియన్ హక్స్‌లీ, ఆల్డస్ హక్స్‌లీ అనే ప్రసిద్ధ రచయితలకు తల్లి అయింది. ఇలాంటి ఆటలలో ఏది మాట, ఏది కాదు అన్న తగవు తప్పదు. పెద్ద నిఘంటువు తెరిచి, ఎవరూ వాడని మాట ఒకటి పట్టుకువచ్చి గెలిచానంటే ఎదుటివాడు ఏం చేస్తాడు? నలుగురిలో మాట్లాడేటప్పుడు వాడదగిన మాటలే చెల్లుతాయని డాడ్జ్‌సన్ నియమం పెట్టాడు. అంతేకాదు, చెల్లే మాటల పట్టికను ఓపికగా తయారు చేసి ఆ పుస్తకంలోనే చేర్చాడు. ఆట కల్పించటం కంటే ఆ పట్టిక కూర్చటమే శ్రమతో కూడిన పని. పండితుడికీ, పదేళ్ళ పిల్లకూ ఒకే న్యాయం దాని వల్లనే సాధ్యమైంది.

తరువాత కొద్ది సంవత్సరాలకు మరొక ఆట ప్రకటించాడు. దానికి తన చిన్ననాటి పత్రిక పేరే, మిష్‌మాష్ అని పెట్టాడు. ఇందులో ఒకరు రెండు గాని, అంతకంటే ఎక్కువ గాని అక్షరాలు ఇస్తారు. ఆ అక్షరాలు అదే వరుసలో, పక్కపక్కనే ఉండే మాటను రెండవవారు చెప్పాలి. జి, పి అని ఇస్తే ఏం చెబుతారు? ఈ రెండు హల్లులు పక్కపక్కన ఉండే మాట తట్టటం తేలిక కాదు. ఆయన చెప్పిన జవాబు మాగ్‌పై. అది నలుపు తెలుపు రంగుల పక్షి. ఇ, ఎం, ఒ అని ఇస్తే లెమన్, అంటే నిమ్మపండు. ఐ, ఎం, ఎస్, ఇ అని ఇస్తే హిమ్‌సెల్ఫ్, అంటే తనంతట తాను. మనుషుల పేర్లు, ఊర్ల పేర్లు చెల్లవు. జి, పి కలిసి ఒకే పలుకులో ఇమడవు. మాగ్ దగ్గర ఒక పలుకు ముగిసి పై దగ్గర మరొకటి మొదలవుతుంది. ఆ అతుకు ఎక్కడ పడుతుందో ఊహించగలిగినవాడికే జవాబు దొరుకుతుంది.

1891లో ది లేడీ అనే పత్రికలో సిజిజీస్ అనే ఆటను ప్రకటించాడు. దీనిలో మాటల పొడవు సమానంగా ఉండనక్కరలేదు. ఒక మాటలోని కొన్ని అక్షరాలు అదే వరుసలో తరువాతి మాటలో ఉంటే చాలు, రెండింటికీ బంధుత్వం కలుస్తుంది. ఆలిస్ పుస్తకంలో వాల్రస్ అనే సముద్రజంతువు, కార్పెంటర్, అంటే వడ్రంగి, పాత్రలుగా వస్తారు. వాల్రస్‌ను వడ్రంగికి పరిచయం చేయమని ఆయన సమస్య. వాల్రస్ చివరి ఆర్, యు, ఎస్ అనే మూడక్షరాలు పెరూజ్ అనే మాటలో ఉన్నాయి. పెరూజ్ మొదటి పి, ఇ, ఆర్ అనేవి హార్పర్ చివర ఉన్నాయి. హార్పర్ నడుమనున్న ఎ, ఆర్, పి, ఇ కార్పెంటర్‌లో ఉన్నాయి. అంతే, పరిచయం అయిపోయింది. చదరంగపు బల్లమీద అక్షరాలను జరుపుతూ మాటలు కూర్చే ఆట చేయవచ్చునని 1880లోనే దినచర్యలో రాసుకున్నాడు. అమెరికాలో ఆల్ఫ్రెడ్ బట్స్ రూపొందించిన బల్లమీది అక్షరాల ఆట స్క్రాబుల్ అనే పేరుతో 1948లో బజారులోకి వచ్చింది.

ఇన్ని ఆటలు కల్పించిన మనిషి జీవితం ఆటగా ఏమీ గడవలేదు. 1868లో తండ్రి మరణించాడు. పెళ్ళికాని అక్కచెల్లెళ్ళ బాధ్యత పెద్దకొడుకు మీద పడింది. గిల్డ్‌ఫర్డ్ పట్టణంలో ఇల్లు చూసి వారిని అక్కడ నిలిపాడు. తాను పెళ్ళి చేసుకోలేదు. రాత్రిళ్ళు మెలకువగా ఉన్నప్పుడు మనసులోకి అనవసరపు ఆలోచనలు, సందేహాలు జొరబడేవి. వాటిని తరిమివేయటానికి పక్కమీద పడుకునే, కాగితం కలం లేకుండా, లెక్కలు కట్టేవాడు. అలా చేసిన 72 లెక్కలను 1893లో పుస్తకంగా ప్రచురించాడు. మనసుకు చేతినిండా పని ఇస్తే దానిలోకి చెడు ఆలోచన రాదని ఆయన నమ్మకం. ఈ మాటల ఆటలలో కూడా ఆ నమ్మకమే కనిపిస్తుంది. చీకటిలో లేచి దీపం వెలిగించే పనిలేకుండా రాసుకోవటానికి 1891లో చిన్న చదరపు గళ్ళు గల అట్ట ఒకటి చేసుకున్నాడు. ఆ గళ్ళలో ఇమిడేట్టు చుక్కలు, గీతలతో కొత్త అక్షరాలు కూడా కల్పించుకున్నాడు.

ఉత్తరాల విషయంలో ఆయన శ్రద్ధ చెప్పనలవి కాదు. 1861 జనవరి 1వ తేదీ నుంచి వచ్చిన ప్రతి ఉత్తరానికీ, పంపిన ప్రతి ఉత్తరానికీ వరుస సంఖ్య వేసి పుస్తకంలో ఎక్కించేవాడు. ఆ సంఖ్య 98,721 వరకు వెళ్ళింది. పిల్లలకు రాసిన ఉత్తరాలలో పొడుపుకథలు, తలకిందుల రాతలు, అక్షరాల చిక్కులు ఉండేవి. పిల్లల దగ్గర మాట్లాడేటప్పుడు ఆయన నత్తి చాలావరకు తగ్గేదని అంటారు. అందరూ ఆ మాట ఒప్పుకోలేదు.

1897 డిసెంబరులో క్రిస్మస్‌కు గిల్డ్‌ఫర్డ్‌లోని ఇంటికి వెళ్ళాడు. జలుబుతో మొదలైన జబ్బు ముదిరి ఊపిరితిత్తులకు పాకింది. 1898 జనవరి 14వ తేదీన అక్కడే మరణించాడు. అరవైఆరేళ్ళు నిండటానికి ఇంకా రెండు వారాలు కూడా లేవు. ఆ ఊరి శ్మశానంలోనే ఆయన సమాధి ఉంది. 1982లో లండనులోని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో, కవులను స్మరించే చోట ఆయన పేరుతో ఒక శిలాఫలకం అమర్చారు.

ఆయన మాటల మెట్ల ఆటను తరువాతివారు వర్డ్ ల్యాడర్, అంటే మాటల నిచ్చెన, అని పిలిచారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు డోనాల్డ్ నూత్ అయిదక్షరాల ఇంగ్లీషు మాటలు 5,757 సేకరించాడు. ఏ మాటకు ఏ మాట ఒక్క అక్షరం తేడాతో పొరుగో కంప్యూటరుచేత లెక్క కట్టించాడు. 1993లో వెలువడిన ఆయన గ్రంథంలో ఆ వివరాలున్నాయి. వాటిలో 671 మాటలకు పొరుగు మాట ఒక్కటి కూడా లేదని తేలింది. ఆ మాటలతో మొదలుపెట్టినవాడు ఒక్క మెట్టు కూడా ఎక్కలేడు. ఎవరితోనూ కలవక దూరంగా ఉండే స్వభావాన్ని ఇంగ్లీషులో ఎలూఫ్ అంటారు. ఎ, ఎల్, ఒ, ఒ, ఎఫ్ అనే ఆ అయిదక్షరాల మాట కూడా ఆ 671లో ఒకటి.